నదిలో బాగా నడిచిన బోటు ఇంజన్ సముద్రంలో ఎందుకు ఆగిపోతోంది? (డీజిల్, ట్యాంకు, ఫిల్టర్లు)

గాలివాటం (భవానీపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. స్నేహితులం కలిసి ఒక పాత తెరచాప బోటు కొన్నాం. 26 అడుగులు, రెండు సిలిండర్ల యాన్మార్ డీజిల్ ఇంజన్, వెనక సీటు కింద 60 లీటర్ల స్టీలు ట్యాంకు. ఇన్నాళ్లూ కృష్ణలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఫెర్రీ నుంచి భవానీ ఐలాండ్ దాకా తిప్పుకున్నాం. ఇంజన్ ఎప్పుడూ మొరాయించలేదు.

మొన్న ట్రాలీ మీద బందరు తీసుకెళ్లి గిలకలదిండి రేవులో దించాం. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. తిరిగి వస్తుంటే మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దగ్గర అలలు మొదలయ్యాయి. ఇంజన్ స్పీడు దానంతట అదే తగ్గడం, మళ్లీ పెరగడం, కాసేపటికి పూర్తిగా ఆగిపోవడం. గాలి సముద్రం వైపు నుంచి ఉంది కాబట్టి తెరచాప ఎత్తి లోపలికి వచ్చేశాం. ఎదురుగాలి అయితే ఏమయ్యేదో తలచుకుంటేనే టెన్షన్.

ఒడ్డున ఫిల్టర్ విప్పితే నల్లటి జిగురు. కొత్తది వేసి, డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి స్టార్ట్ చేస్తే కదలని నీళ్లలో శుభ్రంగా నడిచింది. కాస్త ఊగగానే మళ్లీ అదే వరస. ఒకాయన నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చమంటున్నారు, ఇంకొకాయన ఏదో మందు పొయ్యమంటున్నారు. బంకు డీజిల్ కల్తీ అని మూడో మాట. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బందరు కాలువ (విజయవాడ)

తెరచాప బోటు అంటే గాలికి పోయేది కదండీ, మళ్లీ డీజిల్ గోల ఎందుకు? తెలియక అడుగుతున్నా.

గాలివాటం

మంచి ప్రశ్నే. గాలి పడిపోయినప్పుడు, రేవులోకి వచ్చి కట్టేటప్పుడు, బ్యాటరీ చార్జింగ్‌కి ఇంజన్ కావాలి. రోజంతా అక్కర్లేదు కానీ, కావాల్సిన ఆ పది నిమిషాల్లో మాత్రం ఆగకూడదు.

ఆటోనగర్ పంపు (విజయవాడ)

నాజిళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆటోనగర్‌లో పంపు, నాజిల్ పనే చేస్తాను, నా దగ్గరికి వస్తే నాకే బేరం, అయినా చెబుతున్నా. నాజిల్ పాడైతే ఇంజన్ అన్ని చోట్లా పొగ వదులుతుంది, తెల్లగానో నల్లగానో, ఊగినా ఊగకపోయినా. మీ ఇంజన్ నిలకడ నీళ్లలో బాగుండి, అలల్లో హంటింగ్ (స్పీడు తగ్గుతూ పెరుగుతూ ఉండటం) కొట్టి ఆగుతోందంటే డీజిల్ అందట్లేదు. ట్యాంకు అడుగున ఉన్న చెత్త కదిలి పైపులోకి వస్తోంది.

ముందు ఈ పరీక్ష చేయండి, డబ్బులు ఖర్చు కావు. ట్రాక్టర్లకి మేం చేసేదే. ట్యాంకుని పక్కన పెట్టేసి, ఒక శుభ్రమైన పది లీటర్ల క్యాన్ ఇంజన్ కంటే కొంచెం ఎత్తులో కట్టి, దాంట్లోంచి నేరుగా పైపు ఇవ్వండి. రిటర్న్ పైపు (ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి తెచ్చేది) కూడా ఆ క్యాన్‌లోకే పెట్టాలి, మర్చిపోతే డీజిల్ అంతా పాత ట్యాంకులోకి పోయి క్యాన్ ఖాళీ అవుతుంది. అలా పెట్టి ఊగిసలాటలో నడిపితే ఇంజన్ ఆగకపోతే, ఇంజన్ మంచిదే, రోగం ట్యాంకుది.

ఇంకొకటి. ట్యాంకులోపల పీల్చే పైపు చివర చిన్న జాలీ ఉంటుంది పాత బోట్లలో. అది మూసుకుపోతే బయట ఫిల్టర్లు ఎన్ని మార్చినా దండగే. ఇంజన్ ఆగినప్పుడు ఆ పైపుని ఫిల్టర్ దగ్గర విప్పి ట్యాంకు వైపు ఊదండి. గుడగుడమని బుడగలు వచ్చి, తర్వాత ఇంజన్ కాసేపు నడిచి మళ్లీ ఆగితే జాలీయే. పైపు పైకి లాగి జాలీ కోసి పారేయండి. చెత్తని పట్టే పని ఫిల్టర్‌ది, దాన్ని చేతికందే చోట విప్పి మార్చుకోవచ్చు. జాలీ దాకా చెయ్యి పోదు.

ఇంజన్‌రూమ్ (పటమట, విజయవాడ. ఓడలో ఇంజనీర్‌ని, సెలవులో ఉన్నాను)

ఆటోనగర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ చెత్త ఎలా పుట్టిందో నేను చెబుతాను, ఎందుకంటే అది తెలియకపోతే ట్యాంకు కడిగినా ఏడాదిలో మళ్లీ ఇక్కడికే వస్తారు.

డీజిల్ నీళ్ల కంటే తేలిక. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది. ట్యాంకులోకి ఒక చెంచాడు నీళ్లు వచ్చినా అడుగుకి దిగి అక్కడే కూర్చుంటాయి. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య ఉండే పలుచటి పొరలో ఫంగస్, బ్యాక్టీరియా పెరుగుతాయి. అవి ఉండేది నీళ్లలో, తినేది డీజిల్. నీళ్లు లేకపోతే బతకవు. చాలామంది దీన్ని ఆల్గే (నాచు) అంటారు కానీ ఆల్గేకి వెలుతురు కావాలి, ట్యాంకులో చీకటి. వీటిలో బాగా పేరుమోసిన ఫంగస్ హార్మోకోనిస్ రెసినే, విమానాల కిరోసిన్ ట్యాంకుల్లో కూడా దొరికేది ఇదే. దానికి నచ్చే వేడి 30 డిగ్రీల చుట్టుపక్కల. అంటే మన విజయవాడలో ఏడాదిలో చాలా నెలలు దానికి పండగే.

ఓడల్లో డీజిల్‌ని ముందు సెటిలింగ్ ట్యాంకులో పెడతాం, అడుగున డ్రెయిన్ కాక్ తిప్పి నీళ్లు వదులుతాం, ప్రతి వాచ్‌లోనూ (డ్యూటీ వంతులోనూ). ఆ తర్వాత ప్యూరిఫయర్ (గిరగిరా తిప్పి నీళ్లు, చెత్త వేరుచేసే యంత్రం) తిరుగుతుంది, అప్పుడు ఇంజన్‌కి. మీ బోటులో ఇవేవీ లేవు. ఉన్నదల్లా ఒక ట్యాంకు, ఒకటో రెండో ఫిల్టర్లు. కాబట్టి నీళ్లు రాకుండా చూడటం, వచ్చినవి తీయడానికి దారి పెట్టుకోవడం, మీరు చేయాల్సింది ఇదే. మీ ట్యాంకు అడుగున డ్రెయిన్ ఉందా? లేకపోతే పైన చెయ్యి పట్టేంత మూత ఉందా?

గాలివాటం

డ్రెయిన్ లేదండీ. పైన మూత కూడా లేదు. పీల్చే పైపు, రిటర్న్, గేజి సెండరు, డీజిల్ పోసే గొట్టం, గాలి గొట్టం, అంతే. క్యాన్ పరీక్ష ఆదివారం చేస్తాం.

మిర్చియార్డు (గుంటూరు)

మా ఊళ్లో కోల్డ్ స్టోరేజీల జనరేటర్లు చూస్తుంటాను. బోటు సంగతి నాకు తెలియదు కానీ ఈ రోగం బాగా తెలుసు. కరెంటు పోతేనే జనరేటర్ నడుస్తుంది, ఈ మధ్య కరెంటు పెద్దగా పోవట్లేదు. డీజిల్ నెలల తరబడి కదలకుండా ఉంటుంది. ఒకరోజు వేసవిలో లోడు పడగానే ఫిల్టర్ మూసుకుపోతుంది, లోపల వేల బస్తాల మిర్చి. మీ తెరచాప బోటు కూడా ఇదే జాతి: డీజిల్ తక్కువ తాగుతుంది, ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది.

మేం చేసేవి చెబుతాను. అడుగు శాంపిల్ తీయడం అన్నిటికంటే ముఖ్యం. సన్న పైపు ట్యాంకు అట్టడుగు దాకా దించి, చేతి పంపుతో ఒక గాజు సీసాలోకి లాగండి. కాసేపు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. డీజిల్ తేటగా మెరుస్తూ ఉండాలి. మసకగా ఉంటే నీళ్లు కలిశాయి. అడుగున నీటి గీత కనబడితే సరే సరి. రెంటి మధ్య గోధుమరంగులోనో నల్లగానో తోలు లాంటి పొర ఉంటే అది ఫంగస్. ఇది నెలకోసారి చేస్తే మీకు ఏ మందూ అవసరం రాదు.

బంకుల్లో డిప్ రాడ్డుకి పూసే వాటర్ పేస్టు చూసే ఉంటారు. అదే కొనుక్కుని సన్న కర్రకి పూసి ట్యాంకులో దించొచ్చు. నీళ్లున్నంత మేర రంగు మారుతుంది.

బీఎస్-6 డీజిల్ 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వచ్చింది. గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములే, అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. గంధకం తగ్గినందుకే ఫంగస్ పెరిగిందని కొందరంటారు. నాకైతే బయోడీజిల్ మీదే ఎక్కువ అనుమానం. నిబంధనల ప్రకారం డీజిల్‌లో 7 శాతం దాకా కలపొచ్చు. అది మామూలు డీజిల్ కంటే ఎక్కువ నీటిని తనలో కలుపుకుంటుంది, క్రిములు కూడా దాన్ని ఇష్టంగా తింటాయి. ప్రతి బంకులో కలుస్తుందని కాదు, కలిసినా మనకి తెలియదు కదా అని.

బందరు కాలువ

అయితే బంకు వాళ్ల తప్పేనంటారా?

మిర్చియార్డు

బంకు మీదకి తోసేయడం తేలిక. చాలాసార్లు నీళ్లు మన దగ్గరే కలుస్తాయి. బంకులో ఒక్క జాగ్రత్త: ట్యాంకర్ లారీ దించుతున్నప్పుడు డీజిల్ కొట్టించుకోకండి, నేల కింద ట్యాంకు అడుగున ఉన్నదంతా అప్పుడు కదిలి ఉంటుంది. డెన్సిటీ చూపించమని అడిగితే హైడ్రోమీటరు, జాడీ తెచ్చి చూపిస్తారు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. లోపలి గోడ కనబడే తెల్ల క్యాన్‌లో పట్టించి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైనుంచి పోసుకోండి. అడుగు అంగుళం బోటులోకి పొయ్యకండి. నల్ల క్యాన్‌లో పడితే ఏముందో దేవుడికే తెలియాలి.

రేవు కుర్రాడు (సొంతూరు నిజాంపట్నం, ఇప్పుడు గుంటూరు)

మా ఇంట్లో మరబోటు ఉంది, నాన్న వేటకెళ్తారు. అన్నా, మాకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. విరామం అయ్యాక మొదటి వేటకెళ్లిన రోజు ఎవరో ఒకరి ఇంజన్ సముద్రంలో ఆగుతుంది, తాడేసి లాక్కొస్తారు. మామూలు రోజుల్లో డీజిల్ ఎప్పటికప్పుడు అయిపోతుంటుంది కాబట్టి ఈ బాధ రాదు.

నాన్న చేసేది ఏంటంటే కట్టేసేముందు ట్యాంకు అడుగు కాక్ తిప్పి బకెట్‌లోకి వదులుతారు, తేట డీజిల్ వచ్చేదాకా. జూన్‌లో మళ్లీ అదే పని. బోటు ఎటు వంగి ఉంటే నీళ్లు ఆ మూలకి పోతాయి. ముక్కు పైకి, వెనక కిందకి ఉంటే కాక్ వెనక ఉండాలి. మీరు అడుగు శాంపిల్ తీసేటప్పుడు ట్యాంకులో పల్లపు మూల ఎటుందో చూసుకోండి. మధ్యలో పైపు దించితే తేట డీజిల్ వచ్చి అంతా బాగుందనిపిస్తుంది.

ట్యాంకు గాలి గొట్టం ఎక్కడుంది? మా దగ్గర ఒక బోటుకి అది పక్కగోడలో కిందుగా ఉండి, అల కొట్టినప్పుడల్లా ఉప్పునీళ్లు మింగేది. కనిపెట్టడానికి రెండు సీజన్లు పట్టింది వాళ్లకి.

వాస్తు ఇంజనీర్ (లబ్బీపేట, విజయవాడ)

ఇంతమంది పెద్దలు మాట్లాడుతున్నారు, అసలు విషయం ఎవరూ చెప్పలేదు. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే లోపలి గాలిలో తేమ రాత్రి చల్లబడి నీళ్లవుతుంది. ఎప్పుడూ ఫుల్ ట్యాంకు ఉంచండి, సమస్య పుట్టదు. మా అపార్ట్‌మెంట్ జనరేటర్‌కి ఇదే పద్ధతి.

ఇంజన్‌రూమ్

సార్, ఈ మాట ప్రతి హార్బర్‌లో వింటాను. ఒకసారి లెక్క వేద్దాం.

60 లీటర్ల ట్యాంకు, సగం ఖాళీ. అంటే 30 లీటర్ల గాలి. 30 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తేమతో నిండితే ఘనమీటరుకి 30 గ్రాముల నీళ్లు పడతాయి. మన 30 లీటర్లలో ఉండేది ఒక గ్రాము కూడా కాదు. అదంతా ఒకేసారి నీళ్లయినా కొన్ని చుక్కలే. ఇక పగటికీ రాత్రికీ 10 డిగ్రీల తేడా ఉంటే ఆ గాలి వ్యాకోచించి, సంకోచించి గొట్టంలోంచి లోపలికీ బయటికీ తిరిగేది లీటరు. అందులో తేమ 0.03 గ్రాములు. రోజూ మొత్తం చుక్క వదలకుండా నీళ్లయినా ఏడాదికి పది పన్నెండు గ్రాములు, రెండు మూడు చెంచాలు.

డెక్కు మీద డీజిల్ పోసే మూతకి రబ్బరు రింగు పగిలితే ఒక్క వానలో గ్లాసుడు దిగుతుంది. డెక్కు కడిగినప్పుడు దిగుతుంది. అల మీద పడినప్పుడు దిగుతుంది. నేను వెతికేది ముందు ఆ రింగు, తర్వాత గాలి గొట్టం, ఆ తర్వాత క్యాన్లు. గాలి తేమ చివరికి.

వాస్తు ఇంజనీర్

మీ లెక్క బాగానే ఉంది కానీ మా జనరేటర్ రేకు ట్యాంకు మూత తీస్తే లోపల పై రేకుకి చెమట పట్టి కనిపిస్తుంది. కళ్లతో చూసిందాన్ని కాదనమంటారా?

ఇంజన్‌రూమ్

కాదనను. పట్టే చెమట ఎంత అన్నదే నా మాట. ట్యాంకు నిండుగా ఉంచడంలో తప్పు లేదు, కానీ బోటు వాడకం తక్కువ. నిండా పోస్తే అదే డీజిల్ ఏడాదిపైన నిల్వ ఉండి, దానికదే ఆక్సీకరణ చెంది జిగురు తేలుతుంది. కదలకుండా కట్టేసే ముందు నింపండి, మామూలు రోజుల్లో వాడినంత పోసుకోండి. నేనైతే అలా చేస్తాను.

మిర్చియార్డు

ఇద్దరూ కొంత నిజం. మాకు 990 లీటర్ల ట్యాంకు ఎండలో ఉంటుంది, అక్కడ చెమట లెక్క పెద్దదే. 60 లీటర్ల ట్యాంకు పడవ కడుపులో, నీళ్ల పక్కన చల్లగా ఉంటుంది కదా, అంత తేడా రాదు.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ)

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా సెల్లారంతా నీళ్లు. జనరేటర్ ట్యాంకులోకి గాలి గొట్టం దారిన బురద నీళ్లు వెళ్లాయి. నీళ్లు తీసేసి కొత్త డీజిల్ పోసి నడుపుకున్నాం. కొన్ని నెలల తర్వాత సరిగ్గా మీరు చెప్పిన నల్ల జిగురే. చివరికి ట్యాంకు విప్పి పక్కకి వంచి, లోపల గుడ్డ కట్టిన కర్రతో గీకితేగానీ వదల్లేదు. గోడలకి అతుక్కున్నది డీజిల్ మార్చినంత మాత్రాన పోదు. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కృష్ణలో కట్టేసిన బోట్లు తెగి గేట్లకి కొట్టుకున్నాయి. మీ బోటు అప్పుడు నదిలో ఉందా? ఉంటే మొదట అదే అనుమానించండి.

గాలివాటం

అప్పటికి మేం కొనలేదండీ. పాత యజమాని దగ్గర, వేరే ఊళ్లో ఉంది.

క్యాన్ పరీక్ష అయింది. బోటుని తాళ్లతో కట్టి నలుగురం అటూ ఇటూ గెంతుతూ ఊపాం, ఒడ్డున జనం వింతగా చూశారు. క్యాన్ మీద ఇంజన్ ఆగలేదు. ట్యాంకుకి మార్చగానే హంటింగ్. అంటే తేలిపోయింది. ఊదిన పరీక్షలో బుడగలు వచ్చాయి, జాలీ కూడా ఉందనుకుంటా.

ఇప్పుడు మందు సంగతి చెప్పండి. మా ఫ్రెండ్ ఒక బయోసైడ్ సీసా ఆర్డర్ పెట్టేస్తానంటున్నాడు.

మిర్చియార్డు

ఆగమనండి. బయోసైడ్ ఫంగస్‌ని చంపుతుంది, మాయం చేయదు. చచ్చిందంతా గోడలనుంచి ఊడి ఒకేసారి ఫిల్టర్‌కి వస్తుంది. మందు పోసిన మర్నాడు సముద్రంలోకి వెళ్తే ఇంతకంటే ఘోరం. ముందు ట్యాంకు తెరిచి నీళ్లు, జిగురు తీయాలి, గీకాలి, కడగాలి. ఆ తర్వాత మిగిలిన బీజాలకి మందు, సీసా మీద రాసిన మోతాదులోనే. గ్లవుజులు వేసుకోండి, చర్మానికి మంచిది కాదు.

నీటిని డీజిల్‌లో కలిపేస్తామని చెప్పే స్పిరిట్ రకం మందులు వేరే ఉన్నాయి. వాటి జోలికి అసలు పోకండి. నీళ్లు ఫిల్టర్ దాటి నాజిల్ దాకా వెళ్తాయి.

ఆటోనగర్ పంపు

అది నిజం. నీళ్లు తాగిన పంపు విప్పితే ప్లంజర్ (డీజిల్‌ని నెట్టే కడ్డీ) మీద తుప్పు చారలు ఉంటాయి. పంపుకి డీజిలే నూనె, వేరే నూనె ఉండదు. నీళ్లు వస్తే రాసుకుపోతుంది. చాలామంది టూటీ (టూ-స్ట్రోక్ బండ్లకి పోసే) ఆయిల్ కలుపుతారు లూబ్రికేషన్ కోసమని. బీఎస్-6 డీజిల్‌లో దానికి కావాల్సిన అడిటివ్ రిఫైనరీలోనే వేస్తారు. నీళ్లున్న ట్యాంకులో టూటీ పోసి ఏం లాభం?

రేవు కుర్రాడు

ఎయిర్ తీసేటప్పుడు ఒక మాట అన్నా. ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టొద్దు.

ఇంజన్‌రూమ్

కుర్రాడు ఒక్క లైనులో చెప్పేశాడు కానీ దీన్ని వివరంగా చెప్పాలి. ఇంజన్లు పోయేది డీజిల్ చెత్త వల్ల కాదు, ఆ తర్వాత మనం చేసే పని వల్ల.

మీ ఇంజన్ సముద్రపు నీటితో చల్లబడి, ఆ నీటిని సైలెన్సర్‌లోకి వదిలే రకం అయితే, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ నీటి పంపు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ అందుకుంటే పొగ ఆ నీటిని బయటికి తోసేస్తుంది. అందుకోకపోతే సైలెన్సర్ నిండి, నీళ్లు వెనక్కి ఎగ్జాస్ట్ దారిన సిలిండర్‌లోకి దిగుతాయి. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి ఎయిర్ తీస్తూ పదే పదే సెల్ఫ్ కొట్టాల్సి వస్తే సముద్రపు నీటి వాల్వు మూసేయండి. స్టార్ట్ అయిన వెంటనే తెరవండి. తాళంచెవి పక్కన చీటీ రాసి అంటించుకోండి, తెరవడం మర్చిపోతే పంపు రబ్బరు రెక్కలు మాడిపోతాయి.

ఎయిర్ తీసే వరస: మొదట ట్యాంకు దగ్గరి ఫిల్టర్ నింపి మూత బిగించండి. తర్వాత ఇంజన్ మీది ఫిల్టర్ స్క్రూ వదులు చేసి లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) మీట కొట్టండి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ. చివరికి అవసరమైతేనే నాజిళ్ల దగ్గర నట్లు. మీట ఎంత కొట్టినా మెత్తగా ఆడుతూ డీజిల్ రాకపోతే పంపు పాడైందనుకోకండి. లోపల ఆ పంపుని నొక్కే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి, మీటకి పట్టు వస్తుంది.

గాలివాటం

ఈ మీట సంగతి బంగారం లాంటి మాట సార్. మొగ దగ్గర అదే జరిగింది, పంపు పోయిందనుకున్నాం.

ఫిల్టర్ ఏది పెట్టాలి? ఇప్పుడు ఇంజన్ మీద ఒకటే ఉంది. ట్యాంకుకీ ఇంజన్‌కీ మధ్య గాజు గిన్నె ఉన్న రేకార్ కంపెనీ ఫిల్టర్ ఒకటి వేద్దామనుకుంటున్నాం. 2 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మంచిదంటున్నారు షాపులో.

ఇంజన్‌రూమ్

మొదటి ఫిల్టర్‌గా 2 మైక్రాన్ వద్దు. చెత్త ట్యాంకుతో గంటలో మూసుకుపోతుంది. మొదట 10 లేదా 30, సన్నటి వడకట్టు ఇంజన్ మీద ఉన్నది చూసుకుంటుంది. రేకార్ టర్బైన్ రకంలో గోధుమరంగు 2, నీలం 10, ఎరుపు 30. మీకు నీలం సరిపోతుంది, ట్యాంకు కడిగిన కొత్తలో ఎరుపు వేసుకున్నా తప్పు లేదు.

దానికి వాక్యూమ్ గేజి పెట్టించండి. ఫిల్టర్ మూసుకుపోతున్న కొద్దీ సూది లేస్తుంది, ఇంజన్ ఆగకముందే తెలుస్తుంది. గేజి మీద 7 అంగుళాలు (పాదరసం లెక్కన) దాటుతుంటే మార్చేయండి. గేజి లేకుండా గంటల లెక్కన మార్చడం మబ్బులు చూసి టైము చెప్పడమే.

ఇంకా ఓపిక ఉంటే రెండు ఫిల్టర్లు పక్కపక్కన, మధ్యలో వాల్వు. ఒకటి మూసుకుంటే మీట తిప్పితే రెండోది. మీ చిన్న బోటులో చోటు ఉందో లేదో చూసుకోండి. గాజు గిన్నె అడుగున నీళ్లు కనబడితే వెంటనే వదిలేయండి.

ఆటోనగర్ పంపు

జాయింట్లు చూడండి. ట్యాంకుకీ లిఫ్ట్ పంపుకీ మధ్య పైపులో ఎక్కడ వదులున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పీలుస్తుంది. కారట్లేదు కదా అని వదిలేస్తారు అందరూ. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయండి.

వాస్తు ఇంజనీర్

జీఐ (జింకు పూత వేసిన ఇనుము) డ్రమ్ములో డీజిల్ నిల్వ పెట్టొచ్చా? నా దగ్గర ఖాళీది ఒకటి ఉంది, ఇచ్చేస్తాను.

మిర్చియార్డు

వద్దండీ. జింకు పూత డీజిల్‌తో చర్య జరిపి సబ్బులాంటి పదార్థం అవుతుంది, అది ఫిల్టర్లో చేరుతుంది. డీజిల్‌కి వాడే ప్లాస్టిక్ క్యాన్లే నయం.

గాలివాటం

ట్యాంకు బయటికి తీశాం. ఆటోనగర్‌లో పైన రెండు చోట్ల గుండ్రంగా కోసి, బోల్టులతో బిగించే మూతలు పెట్టించాం. మధ్యలో అడ్డురేకు ఉంది కాబట్టి రెండు అరలకీ చెరొకటి. కోసే ముందు డీజిల్ ఖాళీ చేసి, కడిగి, నీళ్లు నింపి కోశారు, గ్యాస్ కట్టర్ కాదు, రంపపు బిళ్లతో. లోపల అడుగున అర అంగుళం నల్లటి ముద్ద, దాని కింద నీళ్లు. జాలీ తోలు పరిచినట్టు మూసుకుపోయింది, కోసేశాం. పీల్చే పైపు అడుగుకి అంగుళం పైన ఉండేలా కొలిచి పెట్టాం.

నీళ్లు ఎక్కడివో కూడా దొరికింది. డెక్కు మూత రబ్బరు రింగు ఎండిపోయి పగుళ్లు. గాలి గొట్టం పక్కగోడలో ఉంది, కానీ పైకి వంపు లేదు. బోటు ఒక పక్కకి ఒరిగితే అది సరిగ్గా నీటి అంచుకి వస్తుంది. నదిలో అంతగా ఒరగలేదు, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. కుర్రాడు అడిగిన ప్రశ్న సూటిగా తగిలింది.

రేవు కుర్రాడు

అన్నా, గొట్టాన్ని డెక్కు కింద దాకా పైకి తీసుకెళ్లి, అక్కడ నుంచి వంచి కిందకి దించండి. నీళ్లు ఎక్కాలంటే అంత ఎత్తు ఎక్కాలి. రెండో వైపు గోడకి మార్చడం కంటే ఇదే సులువు.

సింగ్‌నగర్ వాసి

పాత డీజిల్ ఏం చేశారు? కాలువలో పోయలేదు కదా. ఊరంతా తాగేది ఆ కృష్ణ నీళ్లే.

గాలివాటం

లేదండీ. పైన తేటగా ఉన్నది వడకట్టి పొలం ఆయిల్ ఇంజన్‌కి వాడతానని ఒకాయన తీసుకెళ్లారు. అడుగు ముద్ద, నీళ్లు డబ్బాలో మూత బిగించి ఉన్నాయి. వాడేసిన ఆయిల్ తీసుకునే లైసెన్సు ఉన్నవాళ్లకి ఇద్దామని. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇంకొకటి. డెక్కు మూత రింగుకి మామూలు నల్ల రబ్బరు వేస్తే సరిపోతుందా?

ఆటోనగర్ పంపు

నైట్రైల్ అడగండి, డీజిల్‌కి అది బాగుంటుంది. ఎండ తగిలే చోటు కాబట్టి వైటాన్ అయితే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది, ధర ఎక్కువ. పాత రింగు పట్టుకెళ్లండి, కొలత చూసి ఇస్తారు. రెండు మూడు తీసుకుని బోటులో ఉంచుకోండి. డబ్బా సంగతి మా సర్వీస్ సెంటర్ వాళ్లని అడుగుతాను, ఇంజన్ ఆయిల్ పట్టుకెళ్లే బండి వాళ్ల దగ్గరికి నెలకోసారి వస్తుంది.

మిర్చియార్డు

కొత్త డీజిల్ పోశాక నెల తిరక్కుండా అడుగు శాంపిల్ తీసి ఫొటో పెట్టండి. పల్లపు మూల నుంచి తీయాలి, గుర్తుందిగా.